పేరు, ప్రతిఫలం, పెత్తనం: ఫ్యాషన్‌లో వలస వారసత్వం చుట్టూ అల్లుకున్న చిక్కుముడి

2025 జూన్‌లో మిలాన్‌లో జరిగిన పురుషుల దుస్తుల ప్రదర్శనలో ఇటలీ సంస్థ ప్రాడా మోడళ్లు తొడుక్కుని నడిచిన చెప్పులను భారతదేశంలో చూసినవాళ్లు చూసినట్టే గుర్తుపట్టారు. బొటనవేలు దూర్చే ఉంగరం, అల్లిక పట్టీ, చదునైన తోలు అడుగు ఉన్న ఆ చెప్పులు కొల్హాపురీలు. ప్రదర్శన వివరాల్లో మాత్రం వాటిని తోలు చెప్పులు అని రాసి ఊరుకున్నారు. కొల్హాపూర్ ఊసే లేదు. రెండు నెలలు తిరిగేసరికి అడిడాస్ సంస్థ కూడా ఇలాంటి వివాదంలోనే చిక్కుకుంది. మెక్సికోలోని వహాకా రాష్ట్రంలో యలాలాగ్ అనే జాపోటెక్ మూలవాసుల గ్రామస్థులు తరతరాలుగా అల్లుతున్న తోలు చెప్పుల రూపాన్ని తీసుకుని ఆ సంస్థ కొత్త పాదరక్షను తయారు చేయగా, మెక్సికో ప్రభుత్వం అభ్యంతరం తెలిపింది. చివరకు సంస్థ ప్రతినిధులు ఆగస్టు 21న ఆ ఊరికే వెళ్లి క్షమాపణ చెప్పారు.

ఈ రెండు ఉదంతాలతో ‘సాంస్కృతిక అపహరణ’, ‘డీకాలనైజేషన్’ వంటి మాటలు ఫ్యాషన్ వార్తల్లోకి మళ్లీ వచ్చాయి. ఒకరు దొంగతనం అన్నదాన్ని మరొకరు ప్రేరణ అన్నారు. ఇంకొకరు, కనీసం ఆ చెప్పులకు ప్రపంచ ప్రచారం దొరికింది కదా అన్నారు. ఈ వాదనలు ఎంతకీ తెగకపోవడానికి ప్రధాన కారణం, మూడు వేర్వేరు ప్రశ్నలు ఒకే మాట కింద కలిసిపోవడమే. మొదటిది పేరుకు సంబంధించిన ప్రశ్న: ఈ వస్తువు ఎవరి పనితనమని చెబుతున్నాం? రెండోది ప్రతిఫలానికి సంబంధించినది: అమ్మితే వచ్చిన డబ్బు ఎవరి చేతికి ఎంత చేరుతోంది? మూడోది పెత్తనానికి సంబంధించినది: ఏది ఫ్యాషన్, ఏది కాదు, ఏది ఎంత విలువ చేస్తుంది అని తేల్చే అధికారం ఎవరిది? వీటిలో ఒకదానికి జవాబు దొరికినంత మాత్రాన మిగతా రెండింటికీ దొరికినట్టు కాదు. ఈ తేడాను దృష్టిలో ఉంచుకుంటే విషయం చాలావరకు తేటపడుతుంది.

పాలన ముగిసినా మిగిలిపోయేది

వలసవాదం అంటే ఒక దేశం మరో దేశపు భూమిని, శ్రమను, వ్యాపారాన్ని తన ఆధీనంలోకి తెచ్చుకుని పాలించడం. అది జెండా మారిన రోజున ముగుస్తుంది. అయితే ఆ పాలన కాలంలో ఏర్పడిన విలువల కొలమానాలు, వ్యాపార దారులు, జ్ఞానంలోని హెచ్చుతగ్గులు ఆ తర్వాత కూడా కొనసాగుతాయి. పెరూ సామాజికవేత్త అనీబల్ కిహానో ఈ కొనసాగింపును వలసవాదం నుంచి విడదీసి, దానికి వేరే పేరు పెట్టి విశ్లేషించాడు. ఈ వ్యాసంలో దాన్ని వలస వారసత్వం అందాం. ఆ వారసత్వాన్ని గుర్తించి విడిపించుకునే ప్రయత్నమే నిర్వలసీకరణ, అంటే డీకాలనైజేషన్.

ఫ్యాషన్‌లో ఈ వారసత్వం అన్నిటికంటే ముందుగా మాటల్లో కనిపిస్తుంది. యూరప్‌లో ఏటా మారే దుస్తులను ఫ్యాషన్ అన్నారు. ఆసియా, ఆఫ్రికా, అమెరికా ఖండాల ప్రజలు కట్టుకునేవాటిని సంప్రదాయ వేషధారణ అన్నారు. మొదటిదానికి కాలం ఉంది, రచయిత ఉన్నాడు, చరిత్ర ఉంది. రెండోది ఎప్పుడూ ఒకేలా ఉండేది, ఎవరు చేశారో తెలియనిది, ఒక జాతి మొత్తానికి చెందినది అన్నట్టుగా వర్ణించారు. చార్లెస్ ఫ్రెడరిక్ వర్త్ 1858లో పారిస్‌లో తన దుస్తుల సంస్థను ప్రారంభించి, చిత్రకారుడు బొమ్మ మీద సంతకం చేసినట్టు బట్టల మీద తన పేరు కుట్టించాడు. అదే కాలంలో ఇతర ఖండాల నేతగాళ్ల పనితనం మ్యూజియాల్లో జాతుల అధ్యయన విభాగానికి, పేరు లేకుండా చేరింది. నిజానికి ఆ దుస్తులు కూడా తరం తరానికీ మారుతూనే వచ్చాయి. మారలేదన్నది చూసినవారి నమ్మకమే తప్ప కట్టుకున్నవారి అనుభవం కాదు.

బందరు అద్దకం, పారిస్ నిషేధం, ఒక పాదిరి ఉత్తరం

వలస వారసత్వం ఎలా పోగుపడిందో చూడటానికి కోరమాండల్ తీరపు అద్దకం బట్ట చరిత్రను మించిన ఉదాహరణ లేదు. నూలు బట్టకు రంగు పట్టించడం కష్టం; పట్టినా ఉతికితే పోతుంది. మచిలీపట్నం పరిసరాల అద్దకందార్లకు ఈ చిక్కును విప్పే విద్య తెలుసు. బట్టను కరక్కాయ రసంలోనూ పాలలోనూ నానబెట్టడం, పటిక నీళ్లతో గీసిన చోట మాత్రమే ఎరుపు పట్టేలా చిరివేరుతో ఉడికించడం, ఇనుపముక్కలూ బెల్లమూ ఊరబెట్టిన ద్రవంతో నల్లని గీతలు గీయడం, నీలం అక్కర్లేని చోట మైనం పూసి నీలిమందు తొట్టిలో ముంచడం వంటి అనేక దశలు దాటాక తయారయ్యే ఆ బట్ట ఎన్ని ఉతుకులకైనా వెలిసేది కాదు. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో స్థావరం పెట్టుకోవడానికి ఇలాంటి బట్టల వ్యాపారమే ప్రధాన కారణం.

యూరప్ మార్కెట్లలో ఆ బట్టకు వచ్చిన గిరాకీ చూసి అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్లు బెంబేలెత్తారు. ఫ్రాన్స్ 1686లో అద్దకం నూలు బట్టలను నిషేధించి, 1759 దాకా ఆ నిషేధాన్ని ఎత్తివేయలేదు. ఇంగ్లండ్‌లో 1700లో ఒక చట్టం, 1721లో మరింత కఠినమైన ఇంకో చట్టం వచ్చాయి. 1719లో లండన్‌లోని స్పిటల్‌ఫీల్డ్స్ నేతగాళ్లు అద్దకం బట్టలు కట్టుకున్న స్త్రీల మీద వీధుల్లో దాడులు చేశారు. ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆ కార్మికుల భయం నిజమైనదే, వారి పొట్ట కొట్టే పోటీ అది. అయితే తమ నేతగాళ్ల కోసం యూరప్ ప్రభుత్వాలు కట్టుకున్న రక్షణ గోడ లాంటిది, తర్వాతి శతాబ్దంలో అదే పోటీకి గురైన భారతీయ నేతగాళ్లకు దక్కలేదు. అప్పటికి సుంకాలు నిర్ణయించే అధికారం వారి పాలకుల చేతుల్లో లేదు.

ఈలోగా ఆ విద్య కూడా పడమరకు ప్రయాణించింది. పుదుచ్చేరి ప్రాంతంలో పనిచేసిన ఫ్రెంచి జెసూట్ పాదిరి కేర్దూ, క్రైస్తవం పుచ్చుకున్న అద్దకందార్లను అడిగి తెలుసుకుని, 1742లో ఆ ప్రక్రియను దశలవారీగా వివరిస్తూ స్వదేశానికి ఉత్తరం రాశాడు. ఈయనే తెలుగు, ఫ్రెంచి, సంస్కృత పదాలతో నిఘంటువు కూర్చిన పండితుడు కూడా. ఆయన్ను ఒక గూఢచారిగా మాత్రమే చూడటం నాకు సరిగ్గా తోచదు. ఏదేమైనా ఆ ఉత్తరం అచ్చయింది. చెప్పించుకున్న పాదిరి పేరు చరిత్రలో నిలిచింది, చెప్పిన అద్దకందార్ల పేర్లు నిలవలేదు. నిషేధం ముగిసిన మరుసటి ఏడాది, 1760లో, ఒబెర్‌కాంఫ్ అనే వ్యాపారి పారిస్ దగ్గరి జూయి గ్రామంలో అద్దకం కార్ఖానా పెట్టాడు. అక్కడి బట్టలు ‘త్వాల్ ద జూయి’ పేరుతో ఫ్రెంచి అభిరుచికే గుర్తుగా ఇప్పటికీ అమ్ముడుపోతున్నాయి.

అయితే బందరు అద్దకం కూడా ఎవరూ తాకని స్వచ్ఛమైన సంప్రదాయం కాదు. పర్షియా అభిరుచి అందులో ఉంది. డచ్చి, ఇంగ్లీషు వర్తకులు పంపిన నమూనా బొమ్మలు ఉన్నాయి. యూరప్ ఇళ్లలో పరుపుల మీదికీ గోడల మీదికీ నప్పేలా అద్దకందార్లు వాటిని తమ పద్ధతిలో మార్చుకున్నారు. అంటే సమస్య ఇచ్చిపుచ్చుకోవడంలో లేదు. ఆ ఇచ్చిపుచ్చుకోవడంలో ఒక పక్షానికి పేరు, పెట్టుబడి, చట్టం సమకూరగా, మరో పక్షానికి కూలి మాత్రమే మిగలడంలో ఉంది.

ఈ చరిత్రలో మరింత చీకటి పుట కూడా ఉంది. పశ్చిమాఫ్రికా తీరంలో మనుషులను బానిసలుగా కొనడానికి యూరప్ వర్తకులు చెల్లించిన సరుకుల్లో భారతీయ నూలు బట్టలకు పెద్ద వాటా ఉండేది. ఒక చోట దోపిడికి గురైనవారి పనితనమే మరో చోట ఇంకా ఘోరమైన దోపిడికి చెల్లింపు నాణెం అయింది. తర్వాత అమెరికా దక్షిణాదిన ఆ బానిసలు పండించిన పత్తితోనే లాంకషైర్ మిల్లులు నడిచాయి.

మగ్గం ఆగిపోయిందా, మారిపోయిందా

వలస పాలన భారతీయ వస్త్ర పరిశ్రమను ధ్వంసం చేసిందన్నది బలంగా స్థిరపడ్డ అభిప్రాయం. దానికి ఆధారంగా ఎక్కువగా ఉదహరించేది ఆర్థిక చరిత్రకారుడు పాల్ బైరోక్ వేసిన అంచనా. దాని ప్రకారం ప్రపంచ వస్తూత్పత్తిలో భారత ఉపఖండం వాటా 1750లో 24.5 శాతం ఉండగా 1900 నాటికి 1.7 శాతానికి పడిపోయింది. ఇవి లెక్కపెట్టిన అంకెలు కావు, అంచనాలు. పైగా ఈ వాటా తగ్గడంలో కొంత భాగం యూరప్, అమెరికాల్లో యంత్రాలతో ఉత్పత్తి విపరీతంగా పెరగడం వల్ల వచ్చింది. ఒక ఊరిలో ఉత్పత్తి అలాగే ఉన్నా, పక్క ఊరిలో పదింతలైతే మొదటి ఊరి వాటా తగ్గినట్టే కనిపిస్తుంది.

తీర్థంకర్ రాయ్ వంటి చరిత్రకారులు మరో వైపు చూపిస్తారు. మిల్లు నూలు వచ్చాక చేతితో వడికే పని దెబ్బతిన్న మాట నిజమే గానీ, నేత మొత్తంగా అంతరించలేదనీ, మిల్లు నూలునే వాడుకుంటూ, కొత్త మగ్గాలకు మారుతూ, మిల్లులు చేయలేని అంచుల చీరలూ ప్రత్యేక నేతలూ పట్టుకుని నిలబడిందనీ వీరి వాదన. ఈ రెండు అభిప్రాయాలూ ఒకదాన్నొకటి పూర్తిగా కొట్టేయవు. వడికే స్త్రీల జీవనోపాధి పోవడం, నేతగాడు మిల్లు నూలుతో నిలబడటం ఒకే కాలంలో జరగగలవు. నాకు మాత్రం ఇందులో ముఖ్యంగా కనిపించేది ఎంత మిగిలిందన్న లెక్క కంటే, నియమాలు ఎవరి చేతిలో ఉన్నాయన్నదే.

అందుకు 1866లో బ్రిటిష్ ప్రభుత్వాధికారి జాన్ ఫోర్బ్స్ వాట్సన్ తయారు చేయించిన నమూనా సంపుటాలు మంచి సాక్ష్యం. భారతీయ వస్త్రాల నుంచి కత్తిరించిన 700 నిజమైన ముక్కలను 18 సంపుటాల్లో అతికించి, అలాంటివి 20 ప్రతులు చేయించాడు. వాటిలో 13 బ్రిటన్‌కు, 7 భారతదేశానికి కేటాయించారు. భారతీయులు ఏ అంచు, ఏ పొడవు, ఏ రంగు ఇష్టపడతారో బ్రిటిష్ మిల్లు యజమానులకు తెలియజేయడమే ఉద్దేశం. నేతగాడి నైపుణ్యం ఇక్కడ అతని వృత్తి రహస్యంగా గాక, పోటీదారు బల్ల మీద తెరిచిపెట్టిన సమాచారంగా మారింది. విచిత్రమేమిటంటే అంతరించిన నేతలను పునరుద్ధరించాలనుకునే వారికి నేడు ఉపయోగపడే ఆధారాల్లో ఆ సంపుటాలు కూడా ఉన్నాయి.

ఒంటి మీది బట్టపై ఆజ్ఞలు, వాటికి వచ్చిన జవాబులు

వలస ప్రభావం వ్యాపారంతో ఆగలేదు. ఎవరు ఏం కట్టుకోవాలన్నదాకా వెళ్లింది. పెరూలో రెండో తుపాక్ అమారు తిరుగుబాటును అణచివేశాక 1781లో స్పెయిన్ అధికారి అరెచె, స్పెయిన్ రాకముందు ఏలిన ఇన్కా రాజవంశపు వేషధారణను నిషేధిస్తూ ఆజ్ఞ జారీ చేశాడు. బట్ట జ్ఞాపకాన్ని మోస్తుందని పాలకులకు బాగా తెలుసు.

అయితే స్థానిక సమాజాల్లో అప్పటికే ఉన్న ఆంక్షలను ఈ చర్చలో మరిచిపోకూడదు. తిరువాన్కూరు సంస్థానంలో నాడార్ స్త్రీలు ఎదను కప్పుకోవడానికి వీల్లేదన్న కట్టుబాటు వలస పాలకులు పెట్టింది కాదు, కుల వ్యవస్థ పెట్టింది. క్రైస్తవ మిషనరీల ప్రోద్బలంతో రవికెలు తొడిగిన స్త్రీల మీద దాడులు జరిగాయి. దశాబ్దాల పోరాటం తర్వాత 1859లో సంస్థానం వారికి ఒళ్లు కప్పుకునే హక్కు ఇచ్చింది, అదీ అగ్రవర్ణ స్త్రీలు కప్పుకునే తీరులో కాకూడదన్న షరతుతో. ఆ స్త్రీలకు మిషనరీ కుట్టించిన రవికె పరాయి దుస్తు కాదు, ఆత్మగౌరవం. వలసకు ముందున్నదంతా మంచిదని, తర్వాత వచ్చిందంతా చెడ్డదని గీత గీస్తే ఈ స్త్రీల అనుభవం ఆ లెక్కలో ఇమడదు.

రుద్దిన దుస్తులే సొంతమైపోయిన సందర్భాలూ ఉన్నాయి. నమీబియాలో హెరెరో స్త్రీలు ధరించే నిండు గౌనుకు మూలం 19వ శతాబ్దపు యూరప్ మిషనరీ కుటుంబాల దుస్తుల్లో ఉంది. 1904 నుంచి 1908 వరకు జర్మన్ సేనలు హెరెరోలను సామూహికంగా హతమార్చాయి. అలాంటి పాలకుల కాలపు గౌనునే ఆ స్త్రీలు నిలుపుకుని, దానిపైన తమ పశుసంపదకు గుర్తుగా ఆవు కొమ్ముల ఆకారపు తలపాగా చేర్చుకుని, జాతి గుర్తింపుగా మార్చుకున్నారు. నైజర్ నదీముఖ ప్రాంతపు కలబరీ స్త్రీలు భారతదేశం నుంచి వచ్చిన మద్రాసు గళ్ల బట్టలోంచి కొన్ని దారాలను జాగ్రత్తగా కోసి లాగేసి, అందులో కొత్త నమూనాలు పుట్టించి దాన్ని తమ సొంత వస్త్రం చేసుకున్నారు.

‘ఆఫ్రికన్ ప్రింట్’ అని లోకమంతా పిలిచే మైనం అద్దకం బట్ట కథ ఇంకా చిక్కైనది. ఇండోనేషియా బాతిక్‌ను యంత్రంతో అనుకరించి అక్కడే అమ్మాలని డచ్చి వర్తకులు ప్రయత్నించారు. ఆ ప్రయత్నం జావాలో అంతగా ఫలించలేదు గానీ, పశ్చిమాఫ్రికాలో ఆ బట్టకు గొప్ప ఆదరణ లభించింది. 1846లో నెదర్లాండ్స్‌లోని హెల్మండ్‌లో మొదలైన సంస్థ, నేటి వ్లిస్కో, ఇప్పటికీ ఆ వ్యాపారంలోనే ఉంది. అయితే ఆ బట్టలకు పేర్లు పెట్టి, ఏ నమూనా నడుస్తుందో చెప్పి, వ్యాపారాన్ని నిలబెట్టింది ఆఫ్రికన్ వర్తక స్త్రీలు. టోగోలో వీరిలో సంపన్నులైనవారిని బెంజ్ కార్లలో తిరిగేవారు గనుక ‘నానా బెంజ్’ అని పిలిచేవారు. మరి ఇది ఎవరి బట్ట? కామెరూన్ డిజైనర్ ఇమాన్ అయిస్సీ దీన్ని వలస వ్యాపారపు సరుకుగానే చూసి, తన దుస్తుల్లో వాడనంటాడు. పుట్టుకను బట్టి ఆయన మాట సమంజసమే, వాడుకను బట్టి ఆ స్త్రీల హక్కూ సమంజసమే.

బట్టపై ఆజ్ఞలు గతించిన కాలపువి అనుకోనక్కర్లేదు. 2021 ఫిబ్రవరిలో న్యూజిలాండ్ పార్లమెంటులో మావోరీ సభ్యుడు రావిరి వైటిటీ టై బదులు మావోరీ పతకం ధరించి వచ్చినందుకు సభ నుంచి బయటికి పంపారు. ఆ వెంటనే వచ్చిన నిరసనతో టై నిబంధనను ఎత్తివేశారు. 2023లో కెన్యా పార్లమెంటు స్పీకరు అందుకు ఎదురుదారిలో, సఫారీ కోటు తరహాలో ఉండే కౌండా సూట్లతోపాటు ఆఫ్రికన్ సంప్రదాయ దుస్తులను కూడా సభలో వద్దన్నారు. మరో కొసన, 1970లలో జైర్ (నేటి కాంగో ప్రజాస్వామ్య గణతంత్రం) నియంత మొబూటు సూటూ టైలను నిషేధించి, ‘అబాకోస్ట్’ అనే కొత్త కోటును పురుషులపై రుద్దాడు. అది వలస చిహ్నాన్ని తొలగించిన మాట నిజమే, కానీ తొడుక్కునేవాడి ఇష్టానికి అందులోనూ చోటు లేదు.

నేటి సరఫరా గొలుసు

పాత వలస దారులకూ నేటి కర్మాగారాలకూ నేరుగా గీత గీయడం సులభం, కానీ పూర్తిగా నిజం కాదు. బంగ్లాదేశ్ వస్త్ర ఎగుమతి పరిశ్రమ స్వాతంత్ర్యం తర్వాత అక్కడి పెట్టుబడిదారులే నిర్మించినది. లక్షలాది స్త్రీలకు అది మొదటి జీతం. అయినా డిజైన్, బ్రాండ్, ధర నిర్ణయం ఒక కొసనా, కుట్టు పని మరో కొసనా ఉండే అమరిక పాతదే. 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర బట్టల కుట్టు కర్మాగారాలున్న రానా ప్లాజా భవనం కూలి 1,134 మంది చనిపోయినప్పుడు, శిథిలాల్లో దొరికిన లేబుళ్లను బట్టి ఏయే బ్రాండ్లకు అక్కడ కుట్టారో తెలుసుకోవలసి వచ్చింది. 1974 నుంచి 2004 చివరి దాకా సంపన్న దేశాలు వర్ధమాన దేశాల వస్త్రాలపై విధించిన దిగుమతి కోటాలు కూడా, ఉద్దేశంలో కాకపోయినా ఫలితంలో, 1721 చట్టాన్ని గుర్తుకు తెస్తాయి.

వాడి వదిలేసిన బట్టల ప్రయాణం కూడా ఇదే దారిలో సాగుతుంది. ఘనా రాజధాని అక్రాలోని కాంటమాంటో మార్కెట్‌కు వారానికి సుమారు కోటిన్నర పాత దుస్తులు వస్తాయని అంచనా. వాటిని అక్కడ ‘చనిపోయిన తెల్లవాడి బట్టలు’ అనే అర్థం వచ్చే మాటతో పిలుస్తారు. ఈ దిగుమతులను దశలవారీగా ఆపాలని తూర్పు ఆఫ్రికా దేశాలు 2016లో నిర్ణయించుకున్నాయి. అమెరికా వాణిజ్య ఒత్తిడితో మిగిలినవి వెనక్కు తగ్గగా, సుంకాలు పెంచి నిలబడిన రువాండాకు 2018లో దుస్తుల ఎగుమతులపై అమెరికా ఇచ్చే సుంకం మినహాయింపు నిలిచిపోయింది. దీనికి రెండో వైపున, ఆ పాత బట్టలను బాగుచేసి అమ్ముకుని బతికే వేలాది మంది ఉన్నారు. నిషేధం వారి నోటి కూడు తీస్తుంది.

చట్టం దేన్ని కాపాడుతుంది, దేన్ని కాపాడదు

ఇప్పుడు కొల్హాపురీ చెప్పుల దగ్గరికి తిరిగి వద్దాం. వాటికి 2019 నుంచి జీఐ ట్యాగ్, అంటే భౌగోళిక గుర్తింపు, ఉంది. మహారాష్ట్రలో నాలుగు, కర్ణాటకలో నాలుగు జిల్లాలకు అది వర్తిస్తుంది. అలాంటప్పుడు ప్రాడా మీద చర్య ఎందుకు తీసుకోలేకపోయారని చాలామంది అడిగారు. జవాబు చట్టం స్వభావంలో ఉంది. జీఐ కాపాడేది ప్రధానంగా పేరును. ఆ జిల్లాల బయట తయారైన చెప్పును కొల్హాపురీ అని అమ్మితే అది ఉల్లంఘన. అదే రూపంలో చెప్పు చేసి తోలు చెప్పు అని అమ్మితే ఉల్లంఘన అని చెప్పడం కష్టం. అంటే ఏ పేరు చెప్పలేదని ప్రజలు ఆగ్రహించారో, ఆ పేరు చెప్పకపోవడమే సంస్థకు చట్టపరంగా రక్షణ అయింది.

మిగతా చట్టాలూ అంతే. కాపీరైటుకు గుర్తించగల రచయిత కావాలి, దానికి గడువు ఉంటుంది. భారతదేశంలో రచయిత మరణించాక 60 ఏళ్లకు ముగుస్తుంది. శతాబ్దాల నాటి చెప్పుకు రచయిత ఎవరు? డిజైన్ నమోదుకు ఆ రూపం కొత్తది కావాలి, నమోదైనా 15 ఏళ్లకు మించి రక్షణ ఉండదు. చట్టం దృష్టిలో ఆ చెప్పు అందరిదీ, అంటే ఎవరిదీ కాదు. వర్త్ కాలంలో స్థిరపడిన విభజన, రచయిత ఉన్న ఫ్యాషన్‌కూ రచయిత లేని సంప్రదాయానికీ మధ్య గీసిన గీత, మేధా సంపత్తి చట్టంలో ఇప్పటికీ ఇలా బతికి ఉంది.

ఈ చట్రంలోనే కొన్ని భిన్నమైన ఫలితాలు వచ్చాయి. అమెరికాలోని నవాహో జాతి తన పేరును ట్రేడ్‌మార్కుగా నమోదు చేసుకుని ఉండటంతో, ఆ పేరుతో వస్తువులు అమ్మిన అర్బన్ అవుట్‌ఫిటర్స్ మీద 2012లో దావా వేసి, 2016లో రాజీ ఒప్పందం సాధించగలిగింది. 2015లో రెండు ఫ్రెంచి సంస్థలు ఒకే రకం రవికె డిజైన్ గురించి పారిస్ కోర్టుకెక్కాయి. నిందపడిన డిజైనర్ ఇసబెల్ మరాన్, అది తనదీ కాదు, ఫిర్యాదు చేసినవారిదీ కాదు, వహాకాలోని త్లహుయితోల్టెపెక్ గ్రామానిదని వాదించింది. ఆ డిజైన్ మీద ఫిర్యాదు చేసిన సంస్థ హక్కు కోరజాలదని కోర్టు తేల్చింది. ఊరికి గుర్తింపు దక్కింది, డబ్బు దక్కలేదు.

వ్యక్తి హక్కు బదులు సముదాయ హక్కును గుర్తించే చట్టాలు ఇంకో దారి. గునా మూలవాసి స్త్రీల ‘మోలా’ వస్త్రాలు వంటి వాటికి పనామా 2000లోనే ఇలాంటి రక్షణ కల్పించింది. మెక్సికో 2022లో మూలవాసుల సాంస్కృతిక వారసత్వానికి ప్రత్యేక చట్టం తెచ్చింది. అయితే ఇవి ఆయా దేశాల సరిహద్దులు దాటవు. ప్రపంచ మేధా సంపత్తి సంస్థలో 2000 నుంచి సాగుతున్న చర్చల ఫలితంగా 2024 మేలో కుదిరిన ఒప్పందం జన్యు వనరులకూ వాటికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానానికీ పరిమితమైంది, నేతలూ నమూనాలూ దాని పరిధిలోకి రాలేదు.

సముదాయ హక్కు మీద అభ్యంతరాలు కూడా తేలికైనవి కావు. ఒకే నమూనాను పక్కపక్క ఊళ్లు, కొన్నిసార్లు పక్కపక్క దేశాలు వాడుతుంటే హక్కు ఎవరికి? సముదాయం తరఫున అనుమతి ఇచ్చేది ఎవరు? ఆ ఊరిలోనే పుట్టిన యువ డిజైనర్ నమూనాను మార్చాలనుకుంటే పెద్దల అనుమతి తీసుకోవాలా? అడిడాస్ పాదరక్షను రూపొందించిన విల్లీ చవారియా మెక్సికన్ మూలాలున్న అమెరికన్. వహాకా సంస్కృతిని గౌరవించాలన్నదే తన ఉద్దేశమన్నాడు. యలాలాగ్ ఊరికి అతను లోపలివాడా, బయటివాడా అన్నది పాస్‌పోర్టు చూసి తేల్చగల విషయం కాదు.

సరిదిద్దే ప్రయత్నాలను ఎలా అంచనా వేయాలి

పెత్తనం విషయంలో మార్పు నెమ్మదిగా కనిపిస్తోంది. ‘ఓట్ కుత్యూర్’ (ఒక్కొక్కరి కొలతకు చేత్తో కుట్టే అత్యున్నత శ్రేణి దుస్తులు) అన్న మాటను వాడుకునే హక్కు ఫ్రాన్స్‌లో 1945 నుంచి చట్టం నియంత్రణలో ఉంది. ఆ వేదికపై 2020 జనవరిలో అతిథులుగా ప్రదర్శన ఇచ్చినవారిలో భారతీయ డిజైనర్ రాహుల్ మిశ్రా, ఇమాన్ అయిస్సీ ఉన్నారు. ఇది తలుపు తెరుచుకోవడమే అని కొందరు సంతోషించారు. తలుపు తాళం ఇంకా పారిస్ చేతిలోనే ఉంది కదా అని మరికొందరన్నారు. 2011లో మొదలైన లాగోస్ ఫ్యాషన్ వీక్ వంటివి రెండో అభిప్రాయం నుంచి పుట్టిన జవాబులు: ఒకరి వేదికపై చోటు అడగడం బదులు సొంత వేదిక కట్టుకోవడం. నాకు ఈ రెండో దారి ఎక్కువ లోతైనదిగా తోస్తుంది, కానీ కొనుగోలుదార్లు, పత్రికలు, పెట్టుబడి ఇంకా పాత నగరాల్లోనే ఉన్నంతకాలం అది ఖర్చుతో కూడిన దారి.

ప్రతిఫలం సంగతి అంకెల్లో చూద్దాం. వివాదం తర్వాత ప్రాడా తన చెప్పుల మూలాన్ని ఒప్పుకుంది. ఆ సంస్థ బృందం కొల్హాపూర్ వెళ్లివచ్చింది. 2025 డిసెంబరులో మహారాష్ట్ర, కర్ణాటక ప్రభుత్వాల తోలు పరిశ్రమ సంస్థలు లిడ్‌కామ్, లిడ్‌కర్‌లతో ఒప్పందం కుదుర్చుకుని, ఆ ప్రాంతాల్లో 2,000 జతలు తయారు చేయించి, జత సుమారు 800 యూరోలకు అమ్ముతామని ప్రకటించింది. అన్నీ అమ్ముడుపోతే వచ్చేది 16 లక్షల యూరోలు. 2024లో ప్రాడా గ్రూపు ఆదాయం దాదాపు 540 కోట్ల యూరోలు. అంటే సంస్థకు వచ్చే ప్రతి 10,000 యూరోల్లో ఈ చెప్పుల వాటా 3 యూరోలు. సంస్థ వైపు నుంచి చూస్తే ఇది చాలా చిన్న మొత్తం. పనివాళ్ల వైపు నుంచి చూస్తే మాత్రం లెక్క మారవచ్చు: ఊహకు, ఆ ధరలో పదో వంతు చేసినవాడికి చేరినా జతకు 80 యూరోలు అవుతుంది. కాబట్టి ఒప్పందాన్ని కంటితుడుపు అని కొట్టేయడానికైనా, విజయం అని చాటడానికైనా ముందు చూడవలసింది జత ధరలో కూలీ వాటాను, 2,000 జతల తర్వాత ఏమవుతుందన్నదాన్ని.

మరో సంగతి. 2025 జూలైలో ఈ వ్యవహారంపై వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యాన్ని బొంబాయి హైకోర్టు కొట్టివేస్తూ, జీఐ నమోదుదారులే హక్కు కోరవచ్చని సూచించింది. ఆ నమోదుదారులు లిడ్‌కామ్, లిడ్‌కర్‌లే. ఒప్పందంపై సంతకం చేసినవీ అవే. ఇవి తోలు పని చేసే దళిత కులాల సంక్షేమం కోసం రెండు రాష్ట్రాలూ నెలకొల్పిన సంస్థలు. ఏ పని చేసినందుకు ఆ కులాలను ఊరి బయట ఉంచారో, అదే పని మిలాన్‌లో కనిపించాక దేశ గౌరవంగా మారింది. ఇకముందు వచ్చే డబ్బు ఆ రెండు కార్పొరేషన్ల నుంచి తోలు కోసి, కుట్టి, అల్లే ఇళ్లకు ఏ మేరకు చేరాలన్నది ఇటలీలో నిర్ణయమయ్యేది కాదు. ముంబైలో, బెంగళూరులో నిర్ణయమవుతుంది.